కోయాక్సియల్ కేబుల్ పనిముట్లలో ముందుగా కొనవలసింది స్ట్రిప్పర్

సంపాదకుల వారికి నమస్కారములు.

ప్రతి ఇంట్లో ఉండవలసిన పనిముట్ల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చాలా వరకు ఉపయోగకరంగా ఉంది. అయితే టీవీ కేబుల్ (కోయాక్సియల్ కేబుల్) ప్రస్తావన వచ్చిన చోట, కేబుల్ చివర కనెక్టరును నొక్కి బిగించే ఒక క్రింపింగ్ టూల్ ఉంచుకుంటే సరిపోతుందన్న అర్థం వచ్చే ఒక్క వాక్యంతో విషయాన్ని ముగించారు. ఆ వాక్యాన్ని నమ్మి శ్రీకాకుళం జీటీ రోడ్డులోనో, విజయనగరం గంటస్తంభం పరిసరాల్లోనో ఏదైనా దుకాణానికి వెళ్లి క్రింపింగ్ టూల్ కావాలని అడిగిన వారికి సాధారణంగా చూపించేది ఇంటర్నెట్ వైరు చివర ప్లాస్టిక్ ప్లగ్గు బిగించే పరికరం. టీవీ కేబుల్‌కు అది దేనికీ పనికిరాదు. సరైన క్రింపింగ్ టూల్ దొరికినా, ఇంటి అవసరానికి ముందుగా డబ్బు పెట్టవలసింది దాని మీద కాదని, కేబుల్ కొసను ఒలిచే స్ట్రిప్పర్ మీదనని నా అభిప్రాయం. ఈ విషయం కాస్త వివరంగా రాస్తే మీ పాఠకులకు కొన్ని వందల రూపాయలు మిగులుతాయన్న ఉద్దేశంతో ఈ లేఖ పంపుతున్నాను.

ఈ పని ఇంట్లోవాళ్లు చేసుకోవలసిన అవసరం ఏమిటని కొందరు అడగవచ్చు. మా జిల్లా పల్లెల్లో చాలా ఇళ్లలో పిల్లలు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై వంటి ఊళ్లకు పనులకు వెళ్లిపోగా, పెద్దవాళ్లు మాత్రమే ఉంటున్నారు. అటువంటి ఇళ్లలో నెలవారీ రుసుము లేని డీడీ ఫ్రీ డిష్ వాడకం ఎక్కువ. 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఈ సేవకు నెల చందా ఉండదు గనుక, పాడైనప్పుడు ఫోను చేస్తే ఇంటికి మనిషిని పంపే కంపెనీ కూడా ఉండదు. మెకానిక్కు వచ్చేదాకా ఎదురుచూడాలి. వచ్చాక అతను చేసే పని చాలాసార్లు డిష్ దగ్గర తుప్పు పట్టిన కనెక్టరును కోసి పారేసి కొత్తది వేయడం మాత్రమే. పండక్కి ఇంటికి వచ్చిన కొడుకో, అల్లుడో, ఇంటరు చదువుతున్న మనవరాలో సరైన పనిముట్టు చేతిలో ఉంటే పావుగంటలో చేయగలిగిన పని అది. కేబుల్ పని చేసే కుర్రవాళ్లను తక్కువ చేయాలని ఈ మాట అనడం లేదు. రోజుకు ఎన్నో ఇళ్లు తిరగవలసిన వారు జేబులో చాకూ, చేతిలో కటింగ్ ప్లేయరూ పెట్టుకుని పని ముగించుకుంటున్నారంటే అందుకు కారణం వారికి సమయం లేకపోవడమే తప్ప నేర్పు లేకపోవడం కాదు.

పనిముట్టు ఎంచుకోవాలంటే ముందు కేబుల్ లోపల ఏముందో తెలియాలి. మధ్యలో ఒంటి తీగ, దాని చుట్టూ తెల్లని నురగ ప్లాస్టిక్, దానిమీద పల్చని అల్యూమినియం రేకు, ఆ పైన సన్నని తీగల అల్లిక, అన్నిటికీ పైన నల్లని లేదా తెల్లని తొడుగు ఉంటాయి. ఈ నిర్మాణానికి ఆలివర్ హెవిసైడ్ 1880లోనే ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. మనం టీవీకి బిగించే ఎఫ్ కనెక్టరు మాత్రం 1950ల మొదట్లో అమెరికాలో జెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో ఎరిక్ విన్‌స్టన్ చేతిలో పుట్టింది. ఈ కనెక్టరు అంత చవకగా దొరకడానికి కారణం ఏమిటంటే, దానికంటూ వేరే పిన్ను లేదు. కేబుల్ మధ్యలోని రాగి తీగే ముందుకు పొడుచుకువచ్చి పిన్నుగా పనిచేస్తుంది. అంటే కనెక్టరులో సగం భాగాన్ని ఫ్యాక్టరీలో కాక మన ఇంట్లో మనమే తయారు చేస్తున్నామన్న మాట. ఆ తీగ మీద గాటు పడకుండా, సరైన పొడవులో, శుభ్రంగా బయటికి తీయగలిగితే మిగతా పనిలో చిన్న లోపాలున్నా బొమ్మ వస్తుంది. తీగ పాడైతే మాత్రం ఎంత ఖరీదైన టూలుతో బిగించినా ప్రయోజనం ఉండదు. అందుకే ముందుగా కొనవలసింది స్ట్రిప్పర్ అంటున్నాను.

గాటు పడితే ఏమవుతుందన్నది కొంచెం విడమరచి చెప్పాలి. డిష్ ముందు బిగించి ఉండి ఉపగ్రహ సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీ నుంచి సెట్‌టాప్ బాక్సుకు వచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంత పెద్ద ఫ్రీక్వెన్సీలో విద్యుత్తు తీగ లోపలి దాకా వెళ్లదు, ఉపరితలం మీదే ప్రయాణిస్తుంది. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ లోతు సుమారు రెండు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండింతలు మాత్రమే. అందువల్లే కేబుల్ తయారీదారులు మధ్య తీగను మొత్తం రాగితో చేయకుండా, ఉక్కు తీగకు పైన రాగి పూత వేసి ధర తగ్గిస్తున్నారు. డిష్‌కూ, టీవీకీ వాడేందుకు మనకు బజారులో దొరికే ఆర్జీ-6 రకం కేబుల్లో చాలా భాగం ఇదే రకం. తీగ దగ్గర అయస్కాంతం పెట్టి చూస్తే అంటుకుంటుంది. చాకుతో ఒలిచేటప్పుడు ఆ పూత గీసుకుపోతే లోపలి ఉక్కు బయటపడుతుంది. కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి ఊళ్లలో సముద్రపు గాలికి ఇంటి గేటే రెండేళ్లకు తుప్పు పడుతున్నప్పుడు, పూత పోయిన సన్నని ఉక్కు తీగ ఎంతకాలం నిలుస్తుంది?

దీనితోపాటు మరో సంగతి ఉంది. బాక్సు నుంచి ఎల్‌ఎన్‌బీకి అవసరమైన కరెంటు కూడా ఈ తీగలోనే వెళుతుంది. 13 వోల్టులు పంపితే ఒక రకం ధ్రువణంలోని (తరంగం నిలువుగానో అడ్డంగానో కంపించే దిశలోని) చానళ్లు, 18 వోల్టులు పంపితే రెండో రకం చానళ్లు వస్తాయి. తుప్పు వల్ల దారిలో వోల్టేజి పడిపోయి ఎల్‌ఎన్‌బీ దగ్గరికి తక్కువగా చేరితే, 18 వోల్టుల చానళ్లు మాయమై మిగతావి మామూలుగానే వస్తుంటాయి. కొన్ని చానళ్లు బాగానే వస్తూ కొన్ని మాత్రం రాకపోతే బాక్సు పాడైందని కొత్తది కొనే ముందు, డిష్ దగ్గరి కనెక్టరు విప్పి తీగ కొసను ఒకసారి చూడడం మంచిది.

స్ట్రిప్పర్ అంటే ఖరీదైన యంత్రమేమీ కాదు. అరచేతిలో పట్టే, బట్టల క్లిప్పులా నొక్కితే తెరుచుకునే ప్లాస్టిక్ పరికరం. లోపల రెండు చిన్న బ్లేడ్లు ఉంటాయి. ఒకటి తొడుగు, అల్లిక, రేకు, నురగ అన్నిటినీ కోసి తీగకు ఒక వెంట్రుకవాసి ముందు ఆగుతుంది. రెండోది పై తొడుగును మాత్రమే కోస్తుంది. కేబుల్‌ను అందులో పెట్టి బాణం గుర్తు చూపిన వైపుకు నాలుగైదు చుట్లు తిప్పి లాగేస్తే, కొసన సుమారు 6 మిల్లీమీటర్ల ఒట్టి తీగా, దాని వెనుక మరో 6 మిల్లీమీటర్ల మేర తొడుగు ఊడిన భాగమూ మిగులుతాయి. ఎక్కువ రకాల ఎఫ్ కనెక్టర్లకు కావలసిన కొలత ఇదే. కొనేటప్పుడు చూడవలసింది బ్లేడ్ల లోతు మార్చుకునే సన్నని మరలు ఉన్నాయా, వాటిని తిప్పే చిన్న ఆరు పలకల ఎలెన్ కీ పెట్టెలో ఉందా అన్నది. కొత్త స్ట్రిప్పర్‌ను ఫ్యాక్టరీ అమరికతోనే వాడేయకుండా, పనికిరాని కేబుల్ ముక్క మీద ముందుగా ప్రయత్నించి, తీగ మీద గోటితో రాస్తే గీత తగలనంత వరకు మరను సర్దుకోవాలి. నేను విచారించినంతలో ఇటువంటి స్ట్రిప్పర్ రెండు మూడు వందల రూపాయల్లో దొరుకుతోంది. ఇంకా తక్కువకు వచ్చేవి ఉన్నాయి గానీ, వాటిలో బ్లేడు కదలకుండా పట్టే ఏర్పాటు సరిగా ఉండదు. కొన్నాళ్లకు అది ఒకసారి లోతుగా, ఒకసారి పైపైన కోయడం మొదలుపెడుతుంది.

ఒలిచిన తర్వాత అల్లికను వెనక్కి మడవాలి. రేకు మాత్రం నురగకు అంటిపెట్టుకునే ఉండాలి, దాన్ని పీకేయకూడదు. తీగ మీద తెల్లని ప్లాస్టిక్ పొర మిగిలితే గోటితో తీసేయాలి, బ్లేడుతో గీకకూడదు. అల్లికలోని ఒక్క వెంట్రుకంత తీగ మధ్య తీగకు తగిలినా షార్టు అవుతుంది. కాబట్టి ఈ పని మొదలుపెట్టే ముందు సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు తీసేయడం తప్పనిసరి. రిమోటుతో ఆపడం చాలదు, ఎందుకంటే అలా ఆపినా కొన్ని బాక్సులు ఎల్‌ఎన్‌బీకి కరెంటు పంపుతూనే ఉంటాయి.

ఇక కనెక్టర్ల విషయానికి వద్దాం. టూలు ఏది కొనాలన్నది కనెక్టరు నిర్ణయిస్తుంది, కనెక్టరు ఏదన్నది కేబుల్ నిర్ణయిస్తుంది. ఈ వరుసను తిరగేసి ముందు టూలు కొన్నవారి ఇళ్లలో అది అటక మీదే ఉంటుంది. ఇంట్లో ఉన్న కేబుల్ తొడుగు మీద అచ్చువేసిన అక్షరాలను ముందు చదవాలి. డిష్‌కూ, టీవీకీ ఎక్కువగా వాడేది ఆర్జీ-6. దాని నురగ భాగం వ్యాసం సుమారు 4.6 మిల్లీమీటర్లు, తొడుగుతో కలిపి దాదాపు 7. పాత కేబుల్ టీవీ కనెక్షన్లలోనూ, సీసీ కెమెరాలకూ ఉండే ఆర్జీ-59 సన్నగా ఉంటుంది, నురగ 3.7, మొత్తం మీద 6 మిల్లీమీటర్ల చిల్లర. ఈ రెండింటికీ తేడా ఒక మిల్లీమీటరే గదా అని ఒకదాని కనెక్టరు రెండోదానికి వేస్తే, అది వదులుగా ఉండి చేత్తో లాగగానే ఊడివస్తుంది, లేదా ఎంత తోసినా లోపలికి దిగదు. వీధి స్తంభాల మీదుగా వచ్చే లావుపాటి ఆర్జీ-11 ఆపరేటరు పని. ఇంటివాళ్లు దాని జోలికి పోనక్కరలేదు, పోకూడదు కూడా. కొన్ని చోట్ల దారిలోని ఆంప్లిఫయర్లకు కరెంటు కూడా ఆ లైనులోనే వెళుతుంది.

ఎఫ్ కనెక్టర్లలో మూడు రకాలున్నాయి. మొదటిది చేత్తో తిప్పి ఎక్కించేది. దీనికి ఏ టూలూ అక్కరలేదు, ధర కూడా కొద్ది రూపాయలే. ఇంటిలోపల, కదిలించని చోట, కేబుల్ సైజుకు సరిగ్గా కుదిరినది అయితే కొంతకాలం పనిచేస్తుంది. డిష్ దగ్గర మాత్రం దీన్ని వాడవద్దని గట్టిగా చెబుతాను. గాలికి కేబుల్ ఊగినప్పుడల్లా మర కొంచెం కొంచెం వదులై, వాన నీరు నేరుగా అల్లికలోకి దిగుతుంది. అల్లికలోకి దిగిన నీరు అక్కడే ఆగదు. సన్నని తీగల సందుల్లోంచి మీటర్ల దూరం పాకి బాక్సు దాకా వచ్చిన సందర్భాలు ఈ పని చేసేవారందరికీ తెలిసినవే.

రెండోది క్రింపు రకం. కనెక్టరు వెనుక ఉన్న లోహపు గొట్టాన్ని ఆరు పలకల రంధ్రం ఉన్న టూలుతో నొక్కుతారు. ఈ టూళ్లకు సాధారణంగా రెండు రంధ్రాలుంటాయి. ఒకటి సుమారు 8.2, రెండోది 9.1 మిల్లీమీటర్లు. కనెక్టరుకు ఏ కొలత చెప్పారో ఆ రంధ్రంలోనే నొక్కాలి. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఏమిటంటే, కనెక్టరూ క్రింపు రకమే, నొక్కేది మాత్రం కటింగ్ ప్లేయరుతో. దానివల్ల గొట్టం రెండు వైపులా చదునై, మిగతా రెండు వైపులా ఖాళీ మిగులుతుంది. లోపలి నురగ కూడా నలిగి కేబుల్ గుండ్రదనం పోతుంది. గుండ్రదనం పోయిన చోట 75 ఓములు ఉండవలసిన ఇంపిడెన్సు (సిగ్నల్‌కు కేబుల్ చూపే నిరోధం) మారి, సిగ్నల్లో కొంత వెనక్కి తిరుగుతుంది. సరైన టూలుతో చేసినా ఆరు పలకల మూలల్లో సన్నని సందులు మిగులుతాయి గనుక, ఈ రకాన్ని ఇంటిలోపలి జాయింట్లకే పరిమితం చేయడం మంచిది.

మూడోది కంప్రెషన్ రకం. ఇందులో కనెక్టరు వెనుక ఉన్న రింగును టూలు నిలువునా ముందుకు తోస్తుంది. ఆ రింగు లోపలికి జరుగుతూ కేబుల్ తొడుగును చుట్టూరా సమానంగా బిగిస్తుంది. నీరు చొరబడడానికి సందు దాదాపు ఉండదు, చేత్తో లాగినా ఊడదు. రాష్ట్రంలోనే పొడవైన తీరం ఉన్న జిల్లాగా మేము 193 కిలోమీటర్ల సముద్రం ఒడ్డున బతుకుతున్నవాళ్లం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ వంటి తుపాన్లు చూసినవాళ్లం. ఇక్కడ డాబా మీద పెట్టే ప్రతి కనెక్టరూ కంప్రెషన్ రకమే కావాలి. ఇంత ఖర్చు అవసరమా అనేవారికి నా జవాబు ఒకటే: ఆమదాలవలసలోనో, బొబ్బిలిలోనో ఉన్నవారు కావాలంటే ఆలోచించుకోవచ్చు, సోంపేట, కవిటి వైపు వారికి ఆ వెసులుబాటు లేదు.

కంప్రెషన్ టూలు ధర ఐదారు వందల నుంచి వెయ్యి రూపాయల లోపు ఉంటోంది. వృత్తిగా చేసేవారికి అమ్మే రకాలకు దీనికి ఎన్నో రెట్లు పెట్టాలి. ఇంటివాళ్లకు ఆ ఖరీదైనది అనవసరం. జీవితకాలంలో యాభై కనెక్టర్లు వేస్తే గొప్ప. చవక రకంలోనే మంచిదాన్ని ఏరుకోవడానికి కొన్ని గుర్తులు చెబుతాను. కేబుల్‌ను పట్టి ఉంచే దవడ భాగం లోహంతో చేసినదై ఉండాలి, ప్లాస్టిక్‌దైతే ఒత్తిడికి పగులుతుంది. కనెక్టర్ల పొడవు కంపెనీని బట్టి మారుతుంది కనుక, ముందుకు తోసే కడ్డీ పొడవును మర తిప్పి మార్చుకునే వీలుండాలి. ఈ వీలు లేని టూలు ఒక కంపెనీ కనెక్టరును సగమే నొక్కి వదిలేస్తుంది, మరో కంపెనీదాన్ని మరీ ఎక్కువగా నొక్కి రింగు చిట్లగొడుతుంది. పిడులు పూర్తిగా మూసినప్పుడు కడ్డీ సరిగ్గా కనెక్టరు రంధ్రం మధ్యకు రావాలి. పక్కకు వాలితే రాగి తీగను వంచేస్తుంది. వేళ్ల నొప్పులున్న పెద్దవారు వాడేటట్లయితే పొడవాటి పిడులున్నది చూసుకోవాలి, పొట్టి పిడుల టూలును నొక్కడానికి చాలా బలం కావాలి. వీటన్నిటికీ ఉత్తమమైన పరీక్ష, కొనబోయే టూలుతో దుకాణంలోనే, మన ఇంటి కేబుల్ ముక్కకు, మనం కొనబోయే కనెక్టరును ఒకదాన్ని వేయించి చూసుకోవడం. ఆ ఒక్క కనెక్టరు ధర మనమే ఇచ్చినా నష్టం లేదు.

వేసిన కనెక్టరు సరిగా ఉందో లేదో ముందువైపు నుంచి చూస్తే తెలిసిపోతుంది. తెల్లని నురగ లోపలి పళ్లెంతో సమానంగా ఉండాలి; తీగ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు రావాలి; అల్లిక తీగలేవీ లోపల కనబడకూడదు. తీగ మరీ పొడుగ్గా ఉంటే బాక్సు సాకెట్టు లోపలి స్ప్రింగును పాడుచేస్తుంది, మరీ పొట్టిగా ఉంటే సాకెట్టులో తగలదు. ఇంట్లో మల్టీమీటరు ఉంటే కేబుల్ రెండు చివరలూ విప్పి, మధ్య తీగకూ కనెక్టరు ఒంటికీ మధ్య కరెంటు పారడం లేదని ఒకసారి చూసుకోవాలి. రెండో చివర వాటిని కలిపి మళ్లీ చూస్తే, తీగ ఎక్కడా తెగలేదని కూడా తేలుతుంది. పెట్టెనిండా రంగురంగుల సామాను పేర్చి అమ్మే కిట్లలోని కేబుల్ టెస్టరు కంటే మామూలు మల్టీమీటరు నయం. అది ఇంట్లో పది పనులకు పనికొస్తుంది.

ఆ కిట్ల గురించి కూడా ఒక మాట. ఒకే పెట్టెలో స్ట్రిప్పరూ, కంప్రెషన్ టూలూ, కట్టరూ, ఇరవయ్యో ముప్ఫయ్యో కనెక్టర్లూ కలిపి ఇచ్చేవి చూడడానికి లాభంగా కనిపిస్తాయి. వాటిలో టూళ్లు ఫరవాలేదు గానీ, కనెక్టర్లు ఎక్కువగా జింకు మిశ్రమానికి పల్చని నికెల్ పూత వేసినవి. ఉప్పు గాలికి కొద్దికాలంలోనే తెల్లని పొడి రాలుతూ మర పట్టేస్తుంది. ఇత్తడి కనెక్టరు కొంచెం ఖరీదు ఎక్కువైనా ఏళ్ల తరబడి ఉంటుంది. వెనుక అంచు మీద బ్లేడుతో చిన్న గీత గీస్తే పసుపు రంగు కనబడితే ఇత్తడి. కిట్టు కొన్నవారు కనెక్టర్లను ఇంటిలోపలికి వాడుకుని, డిష్ దగ్గరికి లోపల రబ్బరు రింగు ఉన్న ఇత్తడివి విడిగా తెచ్చుకోవాలి. కట్టరు విషయంలో పెద్దగా పట్టింపు అక్కరలేదు. గుండ్రని పళ్లున్న కేబుల్ కట్టరు ఉంటే మంచిదే, లేకపోతే పదునైన కటింగ్ ప్లేయరుతో కోసి, నలిగిన కొసను వేళ్లతో తిరిగి గుండ్రంగా చేసుకుంటే సరిపోతుంది. కత్తిపీట మీద మాత్రం వద్దు. కేబులూ పాడవుతుంది, వంటింట్లో చీవాట్లూ తప్పవు.

డిష్ దగ్గర కనెక్టరును చేత్తో బిగించిన తర్వాత 11 మిల్లీమీటర్ల పానాతో మరో పావు చుట్టు తిప్పితే చాలు. ఇంతకు మించి బలం పెడితే ఎల్‌ఎన్‌బీ మెడ విరుగుతుంది. దానిపైన మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టడం మన దగ్గర అలవాటు. ఎండకు ఆ టేపు జిగురు కారి, అంచులు లేచి, వాన నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. సాగదీసి చుడితే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు విడిగా దొరుకుతుంది; దాన్ని వాడాలి, లేదా కనెక్టరు మీద తొడిగే రబ్బరు తొడుగును కేబుల్‌కు ముందుగానే ఎక్కించుకోవాలి. కేబుల్‌ను కనెక్టరు కిందికి ఒక వంపు వేలాడేటట్లు కట్టితే, దాని వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. తడి డాబా మీద, పిట్టగోడ పక్కనుంచి కరెంటు తీగలు వెళ్లే చోట ఈ పనులేవీ చేయకూడదు.

సీసీ కెమెరాలకు వాడే బీఎన్‌సీ కనెక్టర్లకు ఈ సూత్రాలే వర్తిస్తాయి గానీ కొలతలు వేరు. క్రింపు చేయాలంటే మధ్య పిన్నుకు 1.7, గొట్టానికి 5.4 లేదా 6.5 మిల్లీమీటర్ల రంధ్రాలున్న టూలు కావాలి. ఎఫ్ కనెక్టరు టూలు దీనికి కుదరదు. ఇంట్లో రెండు మూడు కెమెరాలున్నవారు వీటికోసం మరో టూలు కొనడం దండుగ. స్క్రూ బిగించే బీఎన్‌సీలు, లేదా ఫ్యాక్టరీలోనే తీగ అతికించి వచ్చేవి చాలు. కెమెరా సిగ్నల్ డిష్ సిగ్నల్ అంత పెద్ద ఫ్రీక్వెన్సీ కాదు. అయితే బీఎన్‌సీలలో రేడియో పరికరాలకు వాడే 50 ఓముల రకం కూడా ఉంటుంది కనుక, 75 ఓములదే అడిగి తీసుకోవాలి.

అసలు టూలు కొనాలా వద్దా అన్న ప్రశ్నకు కూడా నిజాయతీగా జవాబు చెప్పాలి. ఇంట్లో ఒకే టీవీ ఉండి, రెండే చివర్లు వేయవలసిన వారు కంప్రెషన్ టూలు కొనడం లెక్క ప్రకారం నష్టమే. వారు గోడ నుంచి టీవీకి రెండు వైపులా కనెక్టరు బిగించి వచ్చే సిద్ధంగా ఉన్న కేబుల్ ముక్క తెచ్చుకుని, డిష్ దగ్గరి చివరకు మాత్రం మెకానిక్కును పిలిచి, కంప్రెషన్ కనెక్టరే వేయమని ముందుగా చెప్పి, వేసేటప్పుడు దగ్గర నిలబడి చూడడం మేలు. స్ట్రిప్పర్ మాత్రం వీరు కూడా కొనుక్కోవచ్చు. చాకు తీసిన మెకానిక్కు చేతికి అందిస్తే అతనే సంతోషిస్తాడు. రెండు మూడు టీవీలున్న ఇల్లు, అద్దెకు ఇచ్చిన వాటాలున్న ఇల్లు, లేదా తీరానికి దగ్గరలో ఉండి ఏటా తుపాను తర్వాత డిష్ సరిచేసుకోవలసిన ఇల్లు అయితే టూలు డబ్బులు త్వరలోనే తిరిగి వస్తాయి. వీధిలో నలుగురూ కలిసి ఒకటి కొనుక్కోవడం ఇంకా మంచి పద్ధతి. వినాయక చవితి పందిరికి చందాలు వేసుకునే యువజన సంఘాలున్న ఊళ్లలో, ఒక స్ట్రిప్పరూ, ఒక కంప్రెషన్ టూలూ, ఒక మల్టీమీటరూ కొని ఉంచడం పెద్ద భారం కాదు. తుపాను వెళ్లిన మర్నాడు మెకానిక్కు ఒక్కడే, డిష్‌లు వంద అన్న పరిస్థితిలో వాటి విలువ తెలుస్తుంది.

మా జిల్లాల దుకాణదారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేయాలనుకుంటున్నాను. కంప్రెషన్ కనెక్టర్లు అడిగితే నూరేసి ఉన్న ప్యాకెట్టు తీసుకోమంటున్నారు. ఇంటికి కావలసినది నాలుగో, ఆరో. అందువల్ల వచ్చినవారు విసిగి, తిప్పి ఎక్కించే రకమే పట్టుకుపోతున్నారు. ప్యాకెట్టు విప్పి విడిగా అమ్మడం, ఏది ఆర్జీ-6కో ఏది ఆర్జీ-59కో డబ్బా మీద తెలుగులో రాసి పెట్టడం వారికి కష్టమైన పని కాదు. అక్టోబరు వానలు మొదలయ్యేలోగా ఆ మాత్రం చేస్తే తీరం వెంబడి ఊళ్లవారికి ఎంతో వీలుగా ఉంటుంది.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా.